కూర్చోబెట్టిన మనిషి

ఆమె పోయిందన్న కబురు నాకు పొద్దున ఆరున్నరకు శంషాబాద్ బస్టాండులో తెలిసింది. మధ్యాహ్నం మూడింటికి తీస్తారన్నారు. డ్యూటీకి చేరగానే మేనేజరు దగ్గరికి వెళ్లి సగం రోజు సెలవు అడిగాను.

"ఆమె మీకేమవుతారు?" అన్నాడు.

ఏమవుతుందని చెప్పను? సెలవు కాగితం మీద గళ్లు గీసి ఉన్నాయి. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, అత్తమామలు. ఆమె ఏ గడిలోనూ పట్టదు. "ఇక్కడే పనిచేసేది సార్, నాకు పని నేర్పింది" అన్నాను. "అలాంటివి ఇందులో లేవు కదమ్మా. పైగా ఇవాళ ట్రైనింగు. సూపర్‌వైజర్లు తప్పకుండా ఉండాలి, చివర్లో వందన సమర్పణ మీదే" అన్నాడు, కంప్యూటరులోంచి తల ఎత్తకుండానే.

ఆ ట్రైనింగు దేని మీదో చెబితే నవ్వుతారు. యువతలో ఒత్తిడి, దాన్ని తట్టుకునే మార్గాలు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను ఎయిర్‌పోర్టులో ఒక ఏజెన్సీ కింద పనిచేస్తాను. నడవలేని ప్రయాణికులను టాక్సీ దిగిన చోటు నుంచి విమానం దాకా, విమానం నుంచి మళ్లీ టాక్సీ దాకా చక్రాల కుర్చీలో తీసుకెళ్లడం మా పని. ఎనిమిదేళ్ల కింద చేరినప్పుడు నేనూ కుర్చీ తోశాను. ఇప్పుడు తోసే పిల్లల మీద సూపర్‌వైజర్ని. ఆ పిల్లలే నలభై మంది ఆ రోజు హాల్లో కూర్చున్నారు. కొత్వాల్‌గూడ వాళ్లు, తుక్కుగూడ వాళ్లు, శంషాబాద్ వాళ్లు. ఒక్కరికీ పాతికేళ్లు దాటలేదు. సగం మంది తెల్లవారుజాము షిఫ్టు చేసి అన్నం తినకుండా వచ్చినవాళ్లు.

నగరం నుంచి వచ్చిన ట్రైనరు కోటు వేసుకుని, చేతిలో చిన్న రిమోటుతో తెర మీద బొమ్మలు మారుస్తున్నాడు. "జీవితానికి ఒక లక్ష్యం ఉన్నవాళ్లను ఒత్తిడి ఏమీ చేయలేదు. మీ మీద మీకు అదుపు ఉందా, ఇక మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు" అంటున్నాడు. తెర మీద ఒకడు కొండ శిఖరం ఎక్కి చేతులు చాపి నిలబడ్డాడు. మా పిల్లలు వాణ్ణి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు, ఆవలింతలు ఆపుకోలేక.

ఆయన చెప్పింది అబద్ధమైతే నాకింత కోపం వచ్చేది కాదు. అది నిజం. లక్ష్యం, అదుపు రెండూ మనిషిని ఎట్లా నిలబెడతాయో నేను కళ్లారా చూశాను, ఒక చదువురాని మనిషిలో. ఆ మనిషిని ఇదే ఏజెన్సీ మెడపట్టి గెంటింది. ఇప్పుడు ఆమె చేసి చూపించిన దాన్నే ఎవరో కోటు వేసుకొచ్చి కొండ ఎక్కించి చెబుతుంటే వినాలట, అదీ ఆమెను మట్టిలో పెట్టే రోజున.

ఆమె పేరు రాయను. రాస్తే మావాళ్లను నమ్మలేం, వచ్చే ఏడు ఆ పేరు మీద ఒక అవార్డు పెట్టి ఫోటోకు దండ వేస్తారు.

పొట్టి మనిషి. యాభై దాటాయో లేదో ఆమెకే తెలియదు. యూనిఫారం చొక్కా మోకాళ్ల దాకా వచ్చేది, చేతులు మడిచి పిన్నీసులు పెట్టుకునేది. ఏజెన్సీ ఇచ్చిన నల్లబూట్లను "కాళ్లకు జైలు" అనేది. మా అమ్మల వయసుదే అయినా అందరికీ అక్క. ఒక స్టీలు డబ్బాలో ఉడికించిన శనగ గుడాలు తెచ్చేది. డ్యూటీ ఎక్కే ముందు ప్రతివాడి చేతిలో గుప్పెడు పోసి, నమిలేదాకా అక్కడే నిలబడేది. "ఖాళీ కడుపుకు కోపమెక్కువ. తిని పో, ఎవన్నయినా తిట్టేదుంటే గప్పుడు తిట్టు" అనేది.

వాళ్ల ఊరు ఇప్పుడు లేదు. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు లేపేశారు. వాళ్ల రెండెకరాల జొన్నచేను విమానాలు దిగే చోట ఎక్కడో కింద ఉందట. ఆ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఒకసారి ఏజెన్సీవాళ్లు స్టాఫ్ గది గోడకు 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అని కాగితం అంటించారు, ప్రయాణికులతో మర్యాదగా ఉండాలని మాకు బుద్ధి చెప్పడానికి. నేను చదివి వినిపించాను. "నా నోరు మంచిదే ఉండె బిడ్డా. ఊరే లేకుంటైంది" అని గుడాల డబ్బా మూత పెట్టుకుంది.

ప్రయాణికులను ఆమె ఒకే ప్రశ్న అడిగేది. మేమంతా "ఏ ఊరండీ, ఏ ఫ్లైటండీ" అని అడుగుతాం, ఆమె అట్లా అడగదు. "ఎవలి కాడికి పోతున్నవమ్మా?" అంటుంది. ఎవరి దగ్గరికి అని. ఊరు టికెట్ మీదే ఉంటుంది కదా, అది అడిగేదేముంది అనేది. కూతురి కానుపుకని ఒకరు, తమ్ముడి కర్మకాండకని ఒకరు, ఆపరేషను చేసే డాక్టరు దగ్గరికని ఒకరు చెప్పేవాళ్లు. అక్కడి నుంచి గేటు దాకా ఆమె ఆ మనిషి గురించే మాట్లాడించేది. "మనం తోసుడు గాదు బిడ్డా. చేరేసుడు. ఒకలి కాడి నుంచి ఒకలి కాడికి మనిషిని చేరేసేటోళ్లం. గది యాదికుంటే కాళ్లు గుంజవు." నిజానికి కాళ్లు గుంజేవి, ఆమెకు కూడా గుంజేవి. కానీ ఎందుకు గుంజుతున్నాయో తెలిసి గుంజడం వేరు, ఊరికే గుంజడం వేరు. ఆ తేడా నాకు చేరిన పది రోజులకే తెలిసింది.

మక్కాకు ఉమ్రా యాత్ర వెళ్లే హైదరాబాద్ పాతబస్తీ ముసలమ్మలంటే ఆమెకు ప్రాణం. ఒక అవ్వను "కిస్‌కే ఘర్ జారే దాదీ?" అని, ఎవరింటికని అడిగితే, ఆవిడ మురిసిపోయి "అల్లా కే ఘర్ బేటీ" అంది. "అంత దూరం నాకు పర్మిషన్ లేదు దాదీ, గేట్ తకీచ్" అంది మా అక్క, గేటు దాకానే అని. ఆ అవ్వ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

ఇట్లా చెబుతుంటే శాంతమూర్తి అనుకుంటారేమో. అబ్బే! పచ్చి మిరపకాయ. నేను చూసిన మనుషుల్లో అంత త్వరగా ముక్కుపుటాలు అదిరే మనిషి ఇంకొకరు లేరు. కాకపోతే కోపం రాగానే నేరుగా పెద్ద అద్దం గోడ దగ్గరికి వెళ్లేది. రన్‌వే మీద బయల్దేరడానికి నిలబడ్డ ఒక విమానాన్ని చూసుకునేది. ఆమె భాషలో అన్నీ బండ్లే. ఆ బండి లేచేదాకా నోరు తెరవదు. లేచాకే మాట్లాడుతుంది, మాట్లాడిందంటే ఇక ఎవరూ ఎదురు చెప్పలేరు.

నాకు ఆ పాఠం చేరిన రెండో వారంలో దొరికింది. ఒకాయన వాళ్లమ్మను తీసుకొచ్చాడు. నేను ఆ చివరి నుంచి కుర్చీ తెచ్చేసరికి ఆలస్యమైంది. "ఎంతసేపు? మీకు జీతాలెందుకు దండగ!" అని మొదలుపెట్టాడు. జనమంతా చూస్తున్నారు. నా పేరు చదవడానికని నా మెడలోని గుర్తింపు కార్డు పట్టుకుని ముందుకు గుంజాడు. తాడు మెడకు ఒరుసుకుంది. నా నాలుక చివర ఒక బూతు సిద్ధంగా ఉంది. ఇంతలో అక్క ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి, ఆయన్ను చూడనైనా చూడకుండా ముసలావిడ ముందు గొంతుక్కూర్చుంది. కుర్చీ కాళ్లపలక నడుముకున్న గుడ్డతో తుడిచి, ఆవిడ పాదం ఎత్తి దాని మీద పెట్టింది.

"ఎవలి కాడికి పోతున్నవమ్మా?"

"మా అక్క దగ్గరికమ్మా, విశాఖలో. మతిమరుపు వచ్చిందట. నన్ను పోల్చుకుంటుందో లేదో" అంది ఆవిడ.

కొడుకు చెయ్యి కార్డు వదిలేసింది. మనసు కరిగి క్షమాపణ అడిగాడనుకుంటున్నారా? అదేం లేదు. మొహం తిప్పుకుని ఫోన్ చూసుకున్నాడు, అంతే. వాళ్లను గేటు దగ్గర దించాక అక్క నన్ను అద్దం దగ్గరికి లాక్కెళ్లింది. "మాట్లాడకు. గా ఎర్ర తోక బండి లేవనీ." నిలబడ్డాం. అది కదిలింది, ఉరికింది, లేచింది. "ఇగ చెప్పు. వానికి ఏం అనాల్ననుకున్నవ్?"

చూసుకుంటే సగం పోయింది. ఆ బూతూ, వాళ్లమ్మను అనాలనుకున్న మాటా పోయాయి. "నా మెడల కార్డు పట్టి గుంజుడు తప్పక్కా" అన్నాను.

"గదీ. మిగిలిందే నిజం. పోయి గదొక్కటి అను. నేను మింగమంటలేను బిడ్డా. మింగితే కడుపుల పుండైతది. జర ఆగుమంటున్న, గంతే."

వెళ్లి అన్నాను, గొంతు వణకకుండా. "సార్, నా కార్డు పట్టుకుని గుంజడం తప్పు." ఆయన ఫోన్‌లోంచి తల తిప్పి నా కార్డు మీద పేరు చదువుకున్నాడు. ఆ సాయంత్రమే నా మీద ఫిర్యాదు రాశాడు. 'సిబ్బంది ఎదురు మాట్లాడింది.' మూడు ఫిర్యాదులైతే ఉద్యోగం పోతుందని మాకు రూలు. మొదటిది అట్లా పడింది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. చేరిన తర్వాత కడుపులో మంట లేకుండా పడుకోవడం అదే మొదలు.

ఇంకో రూలు చెప్పాలి, ఇది చెబితే మీకూ ఒళ్లు మండుతుంది. సిబ్బంది కూర్చోకూడదు. ప్రయాణికుల బెంచీల మీద కూర్చుంటే తప్పు, ఖాళీగా ఉన్న వీల్‌చైర్‌లో కూర్చుంటే మరీ పెద్ద తప్పు. ప్రయాణికుల పరికరం దుర్వినియోగం అంటారు. ముప్పై కుర్చీలు వరసగా, ఖాళీగా, మెరుస్తూ ఉంటాయి. వాటి పక్కన పన్నెండు మంది పిల్లలు గంటల తరబడి ఒంటికాలు మార్చుకుంటూ నిలబడి ఉంటారు. ఈ పనిలో మేం చేసేదే కూర్చోబెట్టడం. మాకు మాత్రం కూర్చునే హక్కు లేదు. ఎవడి బుర్రలో పుట్టింది ఈ రూలు? వాడు కూర్చునే రాసి ఉంటాడు.

నేను చేరిన ఏడాదే ఎండాకాలం ఉమ్రా గుంపులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. నాకు అప్పటికి రెండో ఫిర్యాదు కూడా పడింది. ఇంకొక్కటి పడితే ఇంటికే. ఇంట్లో మా నాయిన గగన్‌పహాడ్ ఫ్యాక్టరీలో కుడిచెయ్యి నలిగి ఏడాదిగా మంచం మీదే ఉన్నాడు. నా జీతమొక్కటే ఆధారం. ఆ రోజు రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నాను. మిట్టమధ్యాహ్నం ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనక్కి వస్తుంటే, ఛాతీలో ఎవరో తడిబట్ట పిండినట్టయింది. గాలి లోపలికి వెళ్లడం లేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. అంతకంటే పెద్ద భయం, పడిపోతే అందరూ చూస్తారని, అన్‌ఫిట్ అని రాసి పంపించేస్తారని.

అక్క చూసింది. "కూసో" అంది.

"వద్దక్కా... తీసేస్తరు..."

"కూసో అంటున్న గదా!"

భుజం పట్టి కుర్చీలోకి తోసింది. నా కార్డు చొక్కా లోపలికి దోపింది. ఏసీ చలికి వేసుకునే తన స్వెట్టరు తీసి యూనిఫారం కనబడకుండా కప్పింది. నా కాళ్లు పలక మీద పెట్టి, "జర తొవ్వ ఇయ్యున్రి, జర జరుగున్రి" అంటూ ఆ జనం మధ్య నుంచి నన్ను తోసుకుపోయింది, టికెట్ కొనుక్కున్న ప్రయాణికురాలిని తోసినట్టే.

"ఎవలి కాడికి పోతున్నవ్ బిడ్డా?"

కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"చెప్పు. ఊపిరి ఎనక వస్తది, ముందుగాల చెప్పు. ఎవలి కాడికి?"

"నా... నాయిన కాడికి."

"ఏం జేస్తుండు నాయిన?"

"టీవీ... చూస్తుండు."

"ఏ చేత్తోని మారుస్తడు టీవీని?"

"ఎడమ చేత్తోని."

"వస్తదా ఎడమ చేత్తోని?"

"నేర్సుకున్నడు. మొన్న... మొన్న అన్నం గూడ కలుపుకున్నడు."

"శభాష్. ఏం కూరతోని?"

"చుక్కకూర పప్పు" అన్నాను. అంటూ ఉండగానే గాలి లోపలి దాకా వెళ్లింది. ఏడుపొచ్చింది. ఎయిర్‌పోర్టు డాక్టరు గది తలుపు దగ్గరికి వచ్చేశాం. అక్కడ ఆమె బండి ఆపి, నా మొహం చూసి, ఆ తలుపు వైపు చూసింది. తర్వాత, "ఇగ లే. లోపలికి పోతే రాస్తరు. రాస్తే అన్‌ఫిట్ అంటరు. నీళ్లు తాగి పని మీదికి పో" అంది.

మేమందరం చేసే తప్పే అది. అంత ధైర్యస్థురాలు, ఆమె కూడా చేసింది. జబ్బును దాచుకుంటేనే ఉద్యోగం నిలబడుతుందని మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, చేరిన రోజే తెలిసిపోతుంది. ఆ తలుపు తీసి లోపలికి వెళ్లి ఉంటే కనీసం ఒక కాగితం మిగిలేది. ఎవరికీ కనబడకుండా నేను లేచి నిలబడ్డాను.

కెమెరాకు కనబడ్డాను. మర్నాడు అప్పటి మేనేజరు గదికి పిలిచి వీడియో చూపించాడు. పది నిమిషాలు నేను కుర్చీలో, ఆమె వెనక. "ఇది ఆటస్థలమా? ఒకరినొకరు బండెక్కించుకుని షికార్లా?" అన్నాడు. నా చేతికి కాగితం, పెన్ను ఇచ్చాడు. జరిగింది రాయమన్నాడు.

అక్క నా వంక ఒక్కసారి చూసింది. ఆ చూపు నాకింకా గుర్తే. నా ఊపిరి సంగతి ఆమె చెప్పలేదు. నేను చెబుతానని నాకే వదిలేసింది. నేను తల దించుకున్నాను. మూడో ఫిర్యాదు, అన్‌ఫిట్, నాయిన ఎడమచెయ్యి, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. "రాయి బిడ్డా. నేనే కూసోవెట్టిన అని రాయి. అబద్ధమైతే గాదు గద" అంది ఆమె.

'ఆమె కూర్చోమంటే కూర్చున్నాను' అని రాశాను. ఒక్క వాక్యం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత నీచమైన నిజం నా జీవితంలో మళ్లీ రాయలేదు.

"కుర్చీలు ప్రయాణికుల కోసం, మీ కోసం కాదు. ఇన్నేళ్లు పనిచేశావు, ఆ మాత్రం తెలియదా?" అని ఆయన అక్క మీద గొంతు పెంచాడు. ఆ గదికి కిటికీ లేదు, చూసుకోవడానికి ఏ బండీ లేదు. అయినా ఒక బండి లేచేంతసేపు ఆమె నోరు మెదపలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "నేనొక పిల్లను పది నిమిషాలు కూసోవెట్టిన సార్. నువ్వు పొద్దటి సంది కూసున్నవ్. ఎవల్ని యాడికి చేరేసినవ్?"

ఆ సాయంత్రమే కార్డు లాక్కుని గేటు బయటికి పంపారు. రిజిస్టరులో కారణం 'సిబ్బందితో ఆటలు, పరికర దుర్వినియోగం' అని రాశారు.

ఏడాది తర్వాత గగన్‌పహాడ్‌లో బస్సు దిగుతుంటే కనబడింది. ప్లాస్టిక్ కుర్చీలు చేసే షెడ్డులో పనికి కుదిరిందట. దేవుడికి ఇంతకంటే వెటకారం ఉండదు. నేను రోడ్డు మీదే ఆమె చేతులు పట్టుకున్నాను.

"తప్పైందక్కా."

"ఔ. అయింది" అంది.

ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. "కోపం పోలేదా అక్కా?"

"శాన బండ్లు లేసినయ్. సగం పోయింది. సగం ఉంది. లేదంటే అబద్ధమైతది."

"ఉన్న సగమేందో చెప్పు. పడత."

కొంగుతో మొహం తుడుచుకుంది. "నా కొలువు పోయిందని గాదు. నేను ఏడనన్న పని జేసుకుంట. నీకు ఊపిరాడలేదన్న ముచ్చట నువ్వు గాడ జెప్పలే. రేపు ఇంకో పిల్లకు గట్లనే అయితే, ఇంతకుముందు ఎవలకూ గాలే గద, నీకే ఎందుకైంది అంటరు. గది నీ తప్పు. తలుపు కాడికి తోల్కపోయి మల్ల లేపిన సూడు, గది నా తప్పు."

"మరి నువ్వన్నా చెప్పకపోతివి..."

"నీ ఊపిరి నువ్వు జెప్పాలె బిడ్డా. నేనెట్ల జెప్త?"

తిట్టినా బాగుండేది. తిన్నావా అని అడిగి, సమాధానం కూడా వినకుండా షెడ్డు లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోనులో నాలుగైదుసార్లు మాట్లాడుకున్నాం. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను చెప్పనూ లేదు. సూపర్‌వైజర్నయ్యాను. నాకు ఇప్పుడు కుర్చీ ఉంది.

ఇదంతా నాకు గుర్తొస్తుండగా హాల్లో ట్రైనరు చివరి బొమ్మకు వచ్చాడు, మళ్లీ ఆ కొండే. "కోపం వస్తే మింగేయండి. నవ్వండి. నవ్వితే ఒత్తిడి పారిపోతుంది!" అన్నాడు. మింగమంటున్నాడు! ఆమె మింగొద్దన్నది. ఆగమన్నది, ఆగి మిగిలింది చెప్పమన్నది. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఈ కోటుకు ఎవరు చెప్పాలి? ఈయన అదుపంటే యజమానికి సుఖం. ఆమె అదుపంటే, చెప్పాల్సిన మాట వణక్కుండా చెప్పడం. లక్ష్యం ఉండాలట. ఉంది నాయనా, మా పిల్లలకు బోలెడంత ఉంది. ఒకడు చెల్లెల్ని నర్సింగు చదివిస్తున్నాడు, ఒకామె కానిస్టేబులు పరీక్షకు చదువుతోంది. లక్ష్యం ఉన్నవాడికి కూడా రెండు కాళ్లే ఉంటాయి. వాటికి కాసేపు కుర్చీ కావాలి. ఆ ముక్క ఏ బొమ్మలోనూ లేదు.

తర్వాత అందరికీ ఒక కాగితం పంచారు. ఒత్తిడి ప్రశ్నపత్రం. పైన ఉద్యోగి నంబరు వేయాలి. కింద ప్రశ్నలు, పక్కన 'అవును', 'లేదు' గళ్లు. నాలుగో ప్రశ్న, పనిలో ఉండగా ఎప్పుడైనా ఊపిరి అందకపోవడం, గుండెదడ వచ్చాయా?

"నంబరెయ్యాల్నా?" అని వెనక ఎవరో గుసగుసలాడారు. "ఎయ్యాలెనట. లేదు అనే కొట్టు" అని పక్కవాడి సలహా.

కాగితాలు పోగుచేసింది నేనే. ఒక్కొక్కటి చూస్తూ తీసుకున్నాను. లేదు. లేదు. లేదు. నలభైకి నలభై లేదు. మూడో వరసలో కూర్చున్న తుక్కుగూడ పిల్ల కాగితం మీదా లేదు అనే ఉంది. పోయిన నెల లిఫ్టు పక్కన గోడకు జారిపోయి, నీలిరంగు పెదాలతో నా చేతులు పట్టుకున్న పిల్ల. నేను నీళ్లు తాగించి ఏం చెప్పానో తెలుసా? "ఎవరితోనూ అనకు, అన్‌ఫిట్ అంటారు" అన్నాను. నేనే!

ట్రైనరు కట్ట తిరగేసి మురిసిపోయాడు. "చూశారా సార్, మీ టీములో ఒత్తిడి అన్నదే లేదు!" మేనేజరు చప్పట్లు కొట్టాడు. "ఇక వందన సమర్పణ" అన్నాడు నా వైపు తిరిగి. గడియారం రెండుంపావు.

నేను మైకు దగ్గరికి వెళ్లాను. పెద్ద అద్దాలేవీ లేవు ఆ హాల్లో. కాసేపు ఊరికే నిలబడ్డాను. వందనానికి రాసుకొచ్చిన చీటీ ఎవరికీ వందనం చెప్పేట్టు లేదు, మడిచి జేబులో పెట్టుకున్నాను. నా ప్రశ్నపత్రం తీశాను. అది ఇంకా ఖాళీగానే ఉంది.

"నా నంబరు వేస్తున్నాను" అన్నాను. వేశాను. "నాలుగో ప్రశ్నకు నా జవాబు అవును. ఎనిమిదేళ్ల కింద, ఉమ్రా రద్దీలో, రెండో షిఫ్టులో నాకు ఊపిరి అందలేదు. ఒకామె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బతికించింది. నేను ఆ సంగతి రాయలేదు. రాయనందుకు ఆమెను ఆటలాడిందని తీసేశారు. ఆమె ఆటలాడలేదు. నాకు ఊపిరి అందలేదు. ఆమె ఇవాళ పొద్దున పోయింది. ఈ కాగితం ఆమె ఫైలులో పెట్టమని అడుగుతున్నాను."

"మేడం, ఇది సందర్భం కాదు..." అంటూ మేనేజరు లేచాడు. ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నాను సార్, ఆ సందర్భం ఎప్పుడొస్తుందో నాకైతే కనబడలేదు అన్నాను. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. రేపు నన్ను వైద్య పరీక్షకు పంపుతారో, ఇంటికే పంపుతారో నాకు తెలియదు. నా గొంతు మాత్రం వణకలేదు.

ట్రైనరు రిమోటు నొక్కుతున్నాడు, తెర మీది కొండ పోవడం లేదు. నేను సంచి తీసుకుని తలుపు వైపు నడిచాను, మూడింటికి ఇంకా అరగంట ఉంది కదా అని.

మూడో వరసలో తుక్కుగూడ పిల్ల లేచి నిలబడింది. నిలబడ్డానికి ముందుసీటు వీపు పట్టుకుంది. మేనేజరును చూడలేదు, నన్నే చూసింది.

"అక్కా, నా కాయితం జర వాపస్ ఇప్పియ్యవా?"